అందరూ చదవవలసినదేది? – అమెరికా విశ్వవిద్యాలయాల 'కోర్' పాఠ్యక్రమ చరిత్ర, కళాశాల ఎంపిక

వ్యాససంగ్రహం

అమెరికాలో డిగ్రీ చదువుకు కళాశాలను ఎంచుకొనే విద్యార్థులు సాధారణంగా ర్యాంకును, రుసుమును, తాము చదవదలచిన ప్రధానాంశాన్ని చూస్తారు. ప్రధానాంశం ఏదైనా పట్టా పొందాలంటే అందరూ పూర్తిచేయవలసిన నిర్బంధ పాఠ్యాంశాలను చివరన చూస్తారు, లేదా చూడనే చూడరు. ఈ నిర్బంధ పాఠ్యాంశాల సముదాయాన్నే 'కోర్' అంటారు. విద్యావంతుడంటే ఎవరు, అందరూ కలిసి చదవవలసినది ఏమిటి అన్న ప్రశ్నలకు ఆయా విద్యాలయాలు తమ చరిత్రలో ఇచ్చుకొన్న సమాధానమే కోర్ అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. హార్వర్డ్, కొలంబియా, షికాగో, స్టాన్‌ఫర్డ్, బ్రౌన్ విశ్వవిద్యాలయాల అనుభవాలను పరిశీలించి, కళాశాల ఎంపికలో కోర్‌ను తూచడానికి ఆ చరిత్ర ఇచ్చే కొలమానాలను సూచిస్తుంది.

కీలకపదాలు: కోర్ పాఠ్యక్రమం, నిర్బంధ పాఠ్యాంశాలు, ఐచ్ఛిక విధానం, సాధారణ విద్య, కొలంబియా, షికాగో, కళాశాల ఎంపిక.

1. ఉపోద్ఘాతం

తెలుగునాట ఇంటర్మీడియట్‌లో చేరే పదిహేను, పదహారేళ్ల విద్యార్థిని బంధువులు అడిగే మొదటి ప్రశ్న "ఏ గ్రూపు?" అన్నది. రెండేళ్ల తరువాత అదే ప్రశ్న "ఏ బ్రాంచి?"గా మారుతుంది. ఈ రెండు ప్రశ్నల వెనుక ఒకే భావన ఉంది. చదువంటే ఒక శాఖ. ఆ శాఖను సరిగా ఎంచుకొంటే మిగిలినదంతా దాని వెంట వస్తుంది. మన విద్యావ్యవస్థలో ఈ భావన చాలావరకు నిజమే. ఇంజనీరింగ్‌లో చేరినవారు మొదటి ఏడాది నుంచే ఇంజనీరింగ్ విద్యార్థులు, వైద్యంలో చేరినవారు మొదటి రోజు నుంచే వైద్యవిద్యార్థులు.

అమెరికాలో డిగ్రీ చదువు ఈ పద్ధతిలో నడవదు. అక్కడ పట్టాకు సాధారణంగా మూడు భాగాలుంటాయి. ఒకటి ప్రధానాంశం, రెండవది విద్యార్థి తన ఇష్టం కొద్దీ తీసుకొనే ఐచ్ఛికాలు, మూడవది ఆ విద్యాలయం తన విద్యార్థులందరికీ విధించే నిర్బంధ పాఠ్యాంశాలు. ఈ మూడవ భాగం చిన్నదేమీ కాదు. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో, అంటే ఎంఐటీలో, సర్వసాధారణ నిర్బంధ పాఠ్యాంశాలు 17. పట్టాకు అవసరమయ్యే మొత్తం పాఠ్యాంశాలలో ఇవి దాదాపు సగం. ఆ 17లో 8 మానవీయ శాస్త్రాలు, కళలు, సామాజిక శాస్త్రాలకు చెందినవి. కంప్యూటర్ సైన్స్ చదవాలని అక్కడికి వెళ్లిన విద్యార్థి కూడా ఈ ఎనిమిదింటిని పూర్తిచేయనిదే పట్టభద్రుడు కాలేడు.

స్నాతకోత్తర విద్య కోసం అమెరికా వెళ్లే తెలుగు విద్యార్థులకు ఈ సమస్య ఎదురుకాదు, ఎందుకంటే కోర్ డిగ్రీ స్థాయికి మాత్రమే వర్తిస్తుంది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు, ఇక్కడి నుంచి నేరుగా డిగ్రీకి దరఖాస్తు చేసుకొనేవారికి మాత్రం ఇది ప్రత్యక్ష సమస్య. నాలుగేళ్ల కాలంలో, పెద్దమొత్తంలో చెల్లించే రుసుములో గణనీయమైన భాగం తాము ఎంచుకోని పాఠ్యాంశాలకు పోతుంది. అది వృథా అవుతుందా, చదువులో అతి విలువైన భాగమవుతుందా అన్నది ఆ కోర్ స్వభావాన్నిబట్టి ఉంటుంది. ఆ స్వభావం తెలియాలంటే దాని చరిత్ర తెలియాలి.

2. యేల్ నివేదిక నుంచి ఎలియట్ వరకు

పంతొమ్మిదవ శతాబ్ది ప్రథమార్ధంలో అమెరికా కళాశాలల్లో కోర్ అనే ప్రత్యేక భావన లేదు. చదువంతా నిర్బంధమే కావడం దానికి కారణం. గ్రీకు, లాటిన్, గణితం, నీతితత్త్వం అందరూ ఒకే క్రమంలో చదివేవారు. వ్యాపార, పారిశ్రామిక వర్గాలు పెరిగి, మృతభాషల చదువు ఎందుకన్న ప్రశ్న వచ్చినప్పుడు యేల్ కళాశాల అధ్యాపకులు 1828లో ఒక నివేదికతో సమాధానమిచ్చారు. అప్పటి అధ్యక్షుడు జెరెమియా డే ఆధ్వర్యంలో వెలువడిన ఆ నివేదిక విద్యకు రెండు ప్రయోజనాలను చెప్పింది. మనస్సుకు క్రమశిక్షణ ఇవ్వడం ఒకటి, దానిని జ్ఞానంతో నింపడం రెండవది. మొదటిదే ముఖ్యమనీ, ప్రాచీన భాషలు, గణితం దానికి ఉత్తమ సాధనాలనీ నివేదిక వాదించింది. వృత్తికి పనికివచ్చే చదువు కళాశాల పని కాదన్నది దాని సారాంశం.

ఈ వాదనను పెద్ద ఎత్తున తిరస్కరించినవారు హార్వర్డ్ అధ్యక్షుడు ఛార్లెస్ విలియం ఎలియట్. ఆయన రసాయనశాస్త్రజ్ఞులు. 1869 నుంచి 1909 వరకు, నలభై ఏళ్లపాటు ఆ పదవిలో ఉన్నారు. ప్రకృతి శాస్త్రాలు, ఆధునిక భాషలు, ఆర్థికశాస్త్రం వంటివి వేగంగా విస్తరిస్తున్న కాలంలో ప్రతి విద్యార్థీ ఒకే దారిలో నడవడం అసాధ్యమని ఆయన భావించారు. తన శక్తిని, అభిరుచిని తెలుసుకొని చదువును ఎంచుకోవడం కూడా విద్యలో భాగమేనన్నారు. ఐచ్ఛిక విధానాన్ని క్రమంగా విస్తరించారు. 1897 నాటికి హార్వర్డ్‌లో నిర్బంధంగా మిగిలినది మొదటి సంవత్సరపు ఆంగ్ల రచన ఒక్కటే.

స్వేచ్ఛ మేలు చేసింది. కొత్త శాస్త్రాలకు చోటు దొరికింది, ఆచార్యులు తమ పరిశోధన రంగాన్ని బోధించగలిగారు. అయితే చాలామంది విద్యార్థులు తేలికైన పాఠ్యాంశాలను, తమకు వీలైన వేళల్లో జరిగే తరగతులను ఏరుకొని పట్టా పూర్తిచేస్తున్నారన్న విమర్శ కూడా బలపడింది. ఎలియట్ తరువాత 1909లో అధ్యక్షుడైన అబట్ లారెన్స్ లోవెల్ దీనికి మధ్యేమార్గం చూపారు. ఒక శాఖలో లోతుగా చదవాలి. మిగిలిన విజ్ఞాన విభాగాలలో ఒక్కొక్కదాని నుంచి కొన్ని పాఠ్యాంశాలను తప్పక తీసుకోవాలి. దీనిని ఈ వ్యాసంలో 'పంపిణీ పద్ధతి' అని వ్యవహరిస్తున్నాను. నేటికీ అమెరికాలో అత్యధిక కళాశాలల నిర్బంధ పాఠ్యాంశాలు ఈ పద్ధతిలోనే ఉన్నాయి.

పంపిణీ పద్ధతిలో ఒక విశేషం గమనించాలి. అక్కడ విభాగం నిర్బంధమే గాని పుస్తకం నిర్బంధం కాదు. ఒకరు చరిత్ర విభాగం కింద రోమ్‌ను, మరొకరు జపాన్‌ను చదవవచ్చు. ఇద్దరూ నియమాన్ని పాటించినవారే. కాని వారిద్దరూ భోజనశాలలో ఎదురుపడితే, ఇద్దరూ చదివిన పుస్తకం ఒక్కటైనా ఉంటుందన్న హామీ లేదు.

3. కొలంబియా: యుద్ధం నుంచి పుట్టిన పాఠ్యక్రమం

ఉమ్మడి పుస్తకం కావాలన్న ఆలోచనకు బలమైన రూపం న్యూయార్క్‌లోని కొలంబియా కళాశాలలో ఏర్పడింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో సైనిక శిక్షణ పొందుతున్న విద్యార్థులకు యుద్ధ కారణాలను వివరించడానికి అక్కడ ఒక పాఠ్యాంశాన్ని నడిపారు. యుద్ధం ముగిశాక, యుద్ధానికి అవసరమైన అవగాహన శాంతికి మరింత అవసరమన్న భావనతో 1919లో 'సమకాలీన నాగరికత' అనే పాఠ్యాంశాన్ని మొదటి సంవత్సరం విద్యార్థులందరికీ నిర్బంధం చేశారు. చరిత్రను, తత్త్వశాస్త్రాన్ని వేర్వేరుగా చెప్పే పాత పద్ధతిని వదలి, సమకాలీన సమస్యల మూలాలను అన్వేషించే ఒకే పాఠ్యాంశంగా దీనిని రూపొందించారు.

ఆ తరువాతి ఏడాది ఆంగ్లాచార్యుడు జాన్ ఎర్‌స్కిన్ మరొక ప్రయోగం మొదలుపెట్టారు. ఎంపికైన విద్యార్థులు వారానికొక మహాగ్రంథాన్ని అనువాదంలో చదివి, బల్ల చుట్టూ కూర్చొని చర్చించాలి. హోమర్‌ను చదవడానికి గ్రీకు రావాలన్న నియమం ఇక లేదు. పండితులు దీనిని ఆక్షేపించారు. ఏళ్ల తరబడి అధ్యయనం చేయవలసిన గ్రంథాన్ని వారంలో ముగించడం ఏమిటన్నారు. ఆ గ్రంథాలు పుట్టిన కాలంలో వాటిని చదివినవారు పండితులు కారు, సాధారణ పాఠకులేనన్నది ఎర్‌స్కిన్ పక్షం. ఈ ప్రయోగమే 1937లో విద్యార్థులందరికీ నిర్బంధమైన సాహిత్య పాఠ్యాంశానికి దారితీసింది. 1947లో చిత్రకళ, సంగీతం కూడా కోర్‌లో చేరాయి.

ఈ పరిణామానికి ఒక సామాజిక నేపథ్యం ఉంది. ఆనాటి న్యూయార్క్‌లో తూర్పు ఐరోపా నుంచి వలస వచ్చిన యూదు కుటుంబాల పిల్లలు పెద్దసంఖ్యలో ఉన్నత విద్యకు వస్తున్నారు. కొలంబియా ఒకవైపు వారి ప్రవేశాలను పరిమితం చేసే ఏర్పాట్లు చేసుకొంటూనే, మరొకవైపు ప్రవేశం పొందినవారికి పాశ్చాత్య నాగరికతా వారసత్వాన్ని ఉమ్మడి ఆస్తిగా అందించే పాఠ్యక్రమాన్ని నిర్మించింది. ఆ కోర్‌ను వలస బిడ్డలను తమ సొంత సంస్కృతి నుంచి మళ్లించే సాధనమని చూడవచ్చు. తాతముత్తాతల నుంచి గ్రంథాలయాలున్న ఇంటి పిల్లవాడిని, దర్జీ కొడుకును ఒకే పుస్తకం ముందు సమానంగా కూర్చోబెట్టిన సాధనమని కూడా చూడవచ్చు. ఎర్‌స్కిన్ తరగతిలో చదివిన లయొనెల్ ట్రిల్లింగ్ తరువాతి కాలంలో అదే కళాశాలలో ఆంగ్ల విభాగానికి చెందిన ప్రముఖ యూదు ఆచార్యుడు, విమర్శకుడు అయ్యారు. ఈ రెండు దృష్టులలో ఏదో ఒకటే నిజమనడం చరిత్రకు న్యాయం చేయదు. వలస కుటుంబం నుంచి వచ్చే నేటి తెలుగు విద్యార్థికి కూడా ఈ రెండు అనుభవాలూ సంభవమే.

4. షికాగో: నిర్బంధానికి పరాకాష్ఠ, దాని వెల

కొలంబియాలో కోర్ పట్టాలో ఒక భాగం. షికాగో విశ్వవిద్యాలయంలో కొంతకాలం అదే పట్టా అయింది. 1929లో అధ్యక్షుడైన రాబర్ట్ మేనార్డ్ హచిన్స్ వృత్తి శిక్షణను, అతి ప్రత్యేకీకరణను తీవ్రంగా విమర్శించారు. 1936లో వెలువరించిన 'అమెరికాలో ఉన్నత విద్య' గురించిన పుస్తకంలో, విద్యకు శాశ్వత సత్యాల అన్వేషణే కేంద్రం కావాలన్నారు. 1942లో షికాగో కళాశాల ప్రణాళిక దాదాపు పూర్తిగా నిర్బంధంగా మారింది. ఉన్నత పాఠశాల పూర్తికాకముందే విద్యార్థులను చేర్చుకొని, సమగ్ర పరీక్షల ద్వారా పట్టా ఇచ్చేవారు. అదే ఆలోచనా ధారకు చెందిన స్ట్రింగ్‌ఫెలో బార్, స్కాట్ బుకానన్‌లు 1937లో అనాపొలిస్‌లోని సెయింట్ జాన్స్ కళాశాలలో మహాగ్రంథాలే పాఠ్యక్రమంగా ఒక విధానాన్ని నెలకొల్పారు. అది ఇప్పటికీ కొనసాగుతున్నది.

హచిన్స్ భావనలను గట్టిగా ప్రతిఘటించినవారిలో కొలంబియా తాత్త్వికుడు జాన్ డ్యూయీ ఒకరు. శాశ్వత సత్యాలు ఇవీ అని ఎవరు నిర్ణయిస్తారు, ఆ నిర్ణయాధికారం ప్రజాస్వామ్యంతో ఎలా పొసగుతుంది అన్నది ఆయన సందేహం. ఈ డ్యూయీ వద్దనే అంతకు రెండు దశాబ్దాల ముందు బి.ఆర్. అంబేడ్కర్ చదువుకొన్నారు. 1913 నుంచి 1916 వరకు కొలంబియాలో స్నాతకోత్తర విద్యార్థిగా ఉన్న అంబేడ్కర్‌కు ఏ కోర్ నిర్బంధమూ లేదు. ఆయన అర్థశాస్త్రంతో పాటు చరిత్ర, సమాజశాస్త్రం, తత్త్వశాస్త్రం, మానవశాస్త్రం తానే ఎంచుకొని చదివారు. తనకేమి కావాలో తెలిసిన విద్యార్థికి స్వేచ్ఛే విశాలమైన విద్య కాగలదనడానికి ఇది నిదర్శనం. అయితే అప్పటికే పట్టభద్రుడై, జీవితం నేర్పిన ప్రశ్నలతో వెళ్లినవాని అనుభవాన్ని పదిహేడేళ్ల విద్యార్థులందరికీ ప్రమాణంగా తీసుకోవడం కుదరదు.

షికాగో ప్రయోగానికి తగిన వెల చెల్లించవలసి వచ్చింది. త్వరగా పొందిన ఆ పట్టాను ఇతర విశ్వవిద్యాలయాలు తమ పట్టాలతో సమానంగా చూడడానికి వెనుకాడాయి. 1951లో హచిన్స్ నిష్క్రమణ నాటికి ప్రయోగం బలహీనపడింది. 1950ల తొలినాళ్లలో కళాశాలలో విద్యార్థుల సంఖ్య బాగా తగ్గింది. పరిసర ప్రాంతపు పరిస్థితులు సహా దీనికి ఇతర కారణాలూ ఉన్నాయి. తరువాత ప్రధానాంశాలకు మళ్లీ చోటిచ్చారు, కోర్ మాత్రం బలంగానే మిగిలింది. 1990ల చివర అధ్యక్షుడు హ్యూగో సోనెన్‌షైన్ విద్యార్థుల సంఖ్యను పెంచుతూ, నిర్బంధ పాఠ్యాంశాలను 21 నుంచి 15కు తగ్గించే ప్రణాళికను తెచ్చినప్పుడు విద్యార్థులు, పూర్వ విద్యార్థులు, అధ్యాపకులు కొందరు తీవ్రంగా నిరసించారు. ఆయన 2000లో పదవి నుంచి తప్పుకొన్నారు. తమ మీద విధించిన భారాన్ని తగ్గిస్తామంటే విద్యార్థులే వద్దన్న ఈ ఘట్టం ఆలోచింపదగినది. కోర్‌ను చూసే అక్కడ చేరినవారికి అది భారం కాదు, ఆ విద్యాలయపు గుర్తింపు.

5. ఎవరి పుస్తకాలు?

ఉమ్మడి పుస్తకం ఉండాలనగానే అది ఎవరి పుస్తకమన్న ప్రశ్న వస్తుంది. రెండవ ప్రపంచయుద్ధం ముగిసే వేళ, సైనికులు కళాశాలలకు వెల్లువగా రానున్న తరుణంలో, హార్వర్డ్ అధ్యాపక సంఘం 1945లో స్వేచ్ఛాసమాజంలో సాధారణ విద్య గురించి ఒక నివేదిక వెలువరించింది. భిన్న నేపథ్యాల పౌరులకు ఒక ఉమ్మడి వారసత్వం ఉండాలన్నది దాని ఆశయం. ఆ వారసత్వం ప్రధానంగా పాశ్చాత్యమైనదేనన్న విషయంలో అప్పుడు పెద్ద సందేహం లేదు.

ఆ సందేహం 1960ల తరువాత బలపడింది. స్టాన్‌ఫర్డ్‌లో 1980లో ప్రారంభమైన 'పాశ్చాత్య సంస్కృతి' అనే నిర్బంధ కార్యక్రమాన్ని నల్లజాతి, లాటిన్ అమెరికన్, ఆసియన్ మూలాల విద్యార్థులు ప్రశ్నించారు. 1987 జనవరిలో జెస్సీ జాక్సన్ పాల్గొన్న ఊరేగింపుతో ఆ వివాదం దేశవ్యాప్తమైంది. 1988 మార్చిలో అధ్యాపక మండలి 39–4 ఓట్లతో ఆ కార్యక్రమం స్థానంలో ఇతర సంస్కృతులకు, స్త్రీల రచనలకు చోటిచ్చే కొత్త కార్యక్రమాన్ని ఆమోదించింది. అప్పటి కేంద్ర విద్యామంత్రి విలియం బెనెట్ స్వయంగా స్టాన్‌ఫర్డ్‌కు వచ్చి ఈ నిర్ణయాన్ని విమర్శించారు. ఒక కళాశాల మొదటి సంవత్సరపు పఠనపట్టిక జాతీయ రాజకీయ విషయమైంది.

కొలంబియా మార్పు నెమ్మదిగా జరిగింది. 1983 వరకు కొలంబియా కళాశాలలో స్త్రీలకు ప్రవేశమే లేదు. 1937లో మొదలైన సాహిత్య పాఠ్యాంశపు నిర్బంధ పట్టికలో తొలి రచయిత్రిగా జేన్ ఆస్టిన్ 1985లో చేరారు. 1989లో విద్యార్థినులు గ్రంథాలయ భవనంపై చెక్కి ఉన్న హోమర్, ప్లేటో తదితరుల పేర్లకు పైన, రచయిత్రుల పేర్లతో పెద్ద పతాకాన్ని కట్టారు. టోనీ మారిసన్ నవల 2015లో ఆ పట్టికలో చేరింది.

ఆసియా గ్రంథాల సంగతి మరింత గమనార్హం. ఆచార్య విలియం థియొడర్ డి బారీ తదితరుల కృషితో 1940ల చివరినుంచే కొలంబియాలో ప్రాచ్య నాగరికతల పాఠ్యాంశాలు ఏర్పడ్డాయి. ఆ బోధన అవసరం నుంచే 1958లో 'సోర్సెస్ ఆఫ్ ఇండియన్ ట్రెడిషన్' అనే ప్రసిద్ధ సంకలనం వెలువడింది. కాని ఈ పాఠ్యాంశాలు అందరికీ నిర్బంధం కాలేదు. నేటి కొలంబియా కోర్‌లో 'గ్లోబల్ కోర్' కింద పాశ్చాత్యేతర ప్రపంచానికి సంబంధించిన రెండు పాఠ్యాంశాలను ఆమోదిత జాబితా నుంచి ఎంచుకోవాలి. అంటే ఒకే కోర్‌లో రెండు పద్ధతులున్నాయి. పశ్చిమం అందరూ కలిసి చదివేది. మిగిలిన ప్రపంచం ఎవరికి నచ్చినది వారు ఎంచుకొనేది. ఈ తేడా పాఠ్యాంశాల లెక్కలో కనిపించదు, స్వభావంలో కనిపిస్తుంది.

ఇక్కడ అనువాదాల ప్రస్తావన అవసరం. హోమర్ కోర్‌లో చేరింది గ్రీకులో కాదు, ఆంగ్లంలో. ఆంగ్లంలో మంచి అనువాదం లేని సాహిత్యం ఏ ఉమ్మడి పట్టికలోనూ చేరలేదు. అల్లసాని పెద్దన మనుచరిత్రకు వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌లు చేసిన ఆంగ్లానువాదం మూర్తి క్లాసికల్ లైబ్రరీ తొలి సంపుటాలలో ఒకటిగా 2015లో వచ్చింది. అంతవరకు ఆ కావ్యాన్ని అమెరికా తరగతి గదిలో పెట్టాలనుకొన్న ఆచార్యునికి అనువైన సాధనమే లేదు. పఠనపట్టికలో తెలుగు లేకపోవడానికి అక్కడివారి నిర్లక్ష్యంతో పాటు మన అనువాద దారిద్ర్యం కూడా కారణమే.

6. బ్రౌన్: నిర్బంధం లేని మార్గం

ఈ వివాదాలకు మరొక పరిష్కారం రోడ్ ఐలండ్‌లోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో కనిపిస్తుంది. ఐరా మాగజినర్, ఇలియట్ మాక్స్‌వెల్ అనే విద్యార్థుల నాయకత్వంలో సాగిన అధ్యయనం ఫలితంగా 1969లో అక్కడ పంపిణీ నిర్బంధాలను తొలగించారు. ప్రధానాంశపు అవసరాలు తప్ప మిగిలిన చదువును తీర్చిదిద్దుకొనే బాధ్యత విద్యార్థిదే. ఇది ఎలియట్ ఐచ్ఛిక విధానానికి పునరుద్ధరణలా కనిపించినా దీని ప్రేరణ వేరు. ఎలియట్ కాలంలో శాస్త్రాల విస్తరణ స్వేచ్ఛను కోరింది. 1969లో విద్యార్థి తన విద్యకు తానే కర్త కావాలన్న తరం దానిని కోరింది.

ఈ మార్గం బలం, బలహీనత రెండూ విద్యార్థిలోనే ఉన్నాయి. ఎవరూ బలవంతం చేయని తరగతిలో ఇష్టంతో వచ్చినవారే కూర్చుంటారు, చర్చ నాణ్యత పెరుగుతుంది. మరోవైపు, తనకు తెలియనిదేమిటో తెలియని విద్యార్థికి దారి చూపేవారు లేకపోతే చిన్న వలయంలోనే తిరిగే ప్రమాదముంది. అందుకే ఇటువంటి విద్యాలయంలో సలహాదారులైన అధ్యాపకుల పాత్ర నియమాలకంటె ముఖ్యమవుతుంది.

7. మన అనుభవం నుంచి ఒక పాఠం

ఈ చర్చ భారతదేశానికి పూర్తిగా కొత్తదికాదు. 1948లో నియమితమై 1949లో నివేదిక సమర్పించిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌కు సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షులు. ఆయన అంతకుముందు 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపాధ్యక్షులుగా ఉన్నారు. కమిషన్ సభ్యులలో ఆర్థర్ మోర్గన్, జాన్ టైగర్ట్ అమెరికా విద్యావేత్తలు. హార్వర్డ్ నివేదిక వెలువడిన నాలుగేళ్లకే, శాస్త్ర విద్యార్థులకు మానవీయ విద్య, మానవీయ విద్యార్థులకు శాస్త్రావగాహన అవసరమంటూ ఈ కమిషన్ సాధారణ విద్యను సిఫారసు చేసింది. ఆ సిఫారసు మన కళాశాలల్లో బలంగా వేళ్లూనుకోలేదు. మనకు అలవాటైన నిర్బంధాలు భాషాపత్రాలు.

ఆ భాషాపత్రాలకు ఏమి జరిగిందో మనకందరికీ తెలుసు. ఇంటర్మీడియట్‌లో ద్వితీయ భాషగా తెలుగును వదలి సంస్కృతాన్ని తీసుకొనే విద్యార్థులు చాలామంది. ఇందులో సంస్కృతంపై అభిమానం పాత్ర తక్కువ. ఎక్కువ మార్కులు వస్తాయన్న లెక్క పాత్ర ఎక్కువ. నిర్బంధం యథాతథంగా ఉంది, ఉద్దేశం ఆవిరైంది. నిర్బంధంలో ఎంపికకు తావిచ్చి, ఆ ఎంపికను మార్కులతో ముడిపెడితే అది తేలికదారుల వెదుకులాటగా మారుతుందనడానికి ఇంతకంటె దగ్గరి ఉదాహరణ అక్కరలేదు.

అమెరికా పంపిణీ పద్ధతిలో తేలికైన పాఠ్యాంశాన్ని వెదికే విద్యార్థి చేసేది సరిగ్గా ఇదే. లోవెల్ ఏ జాడ్యానికి మందుగా ఈ పద్ధతిని తెచ్చారో, ఆ జాడ్యం మందులోకే చేరింది. తెలుగు విద్యార్థి తన సొంత అనుభవంతో ఈ సంగతిని ఇతరులకంటె తొందరగా గుర్తుపట్టగలడు. అలాగే 'నిర్బంధం' అన్న మాట వినగానే 'ఎలాగో గట్టెక్కవలసినది' అని అనుకొనే అలవాటు కూడా అతనికి ఆ అనుభవమే ఇచ్చింది. సుమారు 20 మంది బల్ల చుట్టూ కూర్చొని ప్లేటోను చర్చించే తరగతికి ఆ అలవాటుతో వెళితే, అక్కడ ఉత్తీర్ణత లభిస్తుంది గాని చదువు లభించదు.

8. ఎంపికకు కొలమానాలు

పై చరిత్ర నుంచి కళాశాల ఎంపికకు పనికివచ్చే ప్రశ్నలు ఐదు తేలుతున్నాయి.

మొదటిది, ఆ కోర్ ఏ పద్ధతికి చెందినది? కొలంబియాలో వలె ఉమ్మడి పుస్తకాలా, హార్వర్డ్ సంప్రదాయంలో వలె విభాగాల పంపిణీయా, బ్రౌన్‌లో వలె స్వేచ్ఛా? "కోర్ ఉంది" అన్న ఒక్క మాట ఈ మూడింటి తేడానూ చెప్పదు.

రెండవది, కోర్‌ను ఎవరు, ఎంతమందికి బోధిస్తున్నారు? చిన్న తరగతిలో చర్చగా సాగే పాఠ్యాంశం, వందలమంది కూర్చొనే ఉపన్యాసం పేరులో ఒకటే కావచ్చు, ఫలితంలో కావు.

మూడవది, పఠనపట్టిక ఎలా మారుతూ వచ్చింది? ఎన్నడూ మారని పట్టిక మ్యూజియం వంటిది. ప్రతి ఏటా మారే పట్టికకు నమ్మకమంటూ లేదు. వివాదాన్ని ఎదుర్కొని, కారణాలు చెప్పి మారిన పట్టికే సజీవమైనది. తన సంస్కృతికి అందులో చోటు ఎక్కడ ఉంది, అది ఉమ్మడి పఠనంలోనా, ఐచ్ఛిక జాబితాలోనా అని విద్యార్థి చూడాలి. చోటు లేకపోవడం ఆ కళాశాలను తిరస్కరించడానికి కారణం కానక్కరలేదు, కాని తెలిసి వెళ్లడం మేలు.

నాలుగవది, నియమం ఎవరికి వర్తిస్తుంది? ఒకే విశ్వవిద్యాలయంలో వేర్వేరు కళాశాలలకు వేర్వేరు నియమాలుంటాయి. కొలంబియాలో ఇంజనీరింగ్ విద్యార్థులకు కోర్‌లో కొంత భాగమే వర్తిస్తుంది. విశ్వవిద్యాలయం పేరు చూసి కోర్‌ను ఊహించుకోవడం పొరపాటు.

ఐదవది, దారి మార్చుకొనే అవకాశమెంత? పదిహేడేళ్ల వయసులో ఎంచుకొన్న ప్రధానాంశం మారవచ్చు. పెద్ద కోర్ ఉన్నచోట ఆలోచించుకొనే వ్యవధి దొరుకుతుంది, ఐచ్ఛికాలకు చోటు తగ్గుతుంది. మధ్యలో మరో కళాశాలకు మారితే, ఒకచోట పూర్తిచేసిన విశిష్ట కోర్ మరొకచోట లెక్కకు రాకపోవచ్చు. షికాగో పట్టాకు 1940లలో ఎదురైన గుర్తింపు సమస్య చిన్న రూపంలో ఇప్పటికీ ఉన్నదన్నమాట.

9. ముగింపు

1828లో యేల్ మనస్సు క్రమశిక్షణ గురించి చెప్పింది. ఎలియట్ ఎంపిక గురించి, కొలంబియా శాంతి గురించి, హచిన్స్ సత్యం గురించి, 1945 నాటి హార్వర్డ్ పౌరసత్వం గురించి, స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు న్యాయం గురించి, బ్రౌన్ విద్యార్థులు స్వయంకర్తృత్వం గురించి మాట్లాడారు. వీటిలో ఏదీ అంతిమ సమాధానం కాలేదు. ప్రతి సమాధానంలోని లోపం నుంచే తరువాతి సమాధానం పుట్టింది. నేడు ఒక కళాశాల ప్రకటించే నిర్బంధ పాఠ్యాంశాల పట్టిక ఈ వాదోపవాదాలలో ఆ కళాశాల నిలిచిన చోటును తెలిపే చారిత్రక పత్రం. దానిని ఆ విధంగా చదవగలిగిన విద్యార్థికి, ఆ పట్టిక తనను ఎలాంటి మనిషిగా తీర్చిదిద్దాలనుకొంటున్నదో అర్థమవుతుంది. అలా తయారు కావడం తనకు సమ్మతమో కాదో నిర్ణయించుకొనే అధికారం ప్రవేశానికి ముందే, అంటే ఎంపిక దశలోనే ఉంటుంది.

మన ఇళ్లలో "ఏ బ్రాంచి?" అన్న ప్రశ్న మానవలసిన పనిలేదు. దాని పక్కన "బ్రాంచి కాక, అక్కడ అందరితో కలిసి ఏమి చదువుతావు?" అన్న ప్రశ్నను కూడా చేర్చుకొంటే చాలు.